దుబాసీ నోట ఎక్కువైన మాట

ప్రియమైన వదినకు,

ఫోను చెయ్యొద్దన్నావు కాబట్టి మళ్ళీ ఉత్తరమే. నా కోడిగీతలు చదవలేక తిట్టుకుంటావని తెలుసు. తిట్టుకో. ఆ వంకనైనా ఒకసారి నన్ను తలుచుకున్నట్టవుతుంది.

ఈసారి నాకు తగిలిన పని మనసు వైద్యుల మహాసభ. మనిషి తన ఆలోచనల్ని తానే పట్టుకుని, ఇది నిజమా, నా ఊహా అని సరిచూసుకునేలా చేసే వైద్యం ఒకటుంది కదా, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అని. అది చేసేవాళ్ళంతా వచ్చే నెల ఒకచోట చేరి నాలుగు రోజులు మాట్లాడుకుంటారు. కార్యక్రమాల పుస్తకం వచ్చింది. తలకింద పెట్టుకుంటే దిండు అక్కర్లేదు. ఇలాంటివి వస్తే మనిద్దరం నేలమీద పరుచుకుని, నీకిది నాకిది అని రంగు పెన్సిళ్ళతో పంచుకునేవాళ్ళం. నిన్న ఒక్కదాన్నే పరుచుకున్నాను. నువ్వు కూర్చునే వైపు బోసిగా కనిపిస్తుంటే అటు కూడా కాగితాలు పరిచేశాను.

డాక్టర్లకి ఏ సెషన్ గొప్పదో నాకు తెలియదు కానీ, దుబాసీలకి ఏది ఎంత చావో చెప్పగలను. కీలకోపన్యాసమంటే ఒకరు మాట్లాడతారు, హాలంతా వింటుంది. ప్రసంగం ముందే పంపిస్తారు కాబట్టి మనకి పండగే. అయితే ఆ పెద్దమనిషి వేదిక ఎక్కాక కాగితం పక్కన పెట్టి, "మనసులోంచి నాలుగు మాటలు" అన్నాడో, మన పని గోవిందా. సింపోజియంలో ఒకే విషయం మీద నలుగురు మాట్లాడతారు. ఒక్కొక్కరికి ఇచ్చేది పావుగంటే. అందరూ గంట సరుకు తెచ్చుకుని అందులోనే కుక్కుతారు. ప్యానెల్ చర్చ మరీ ఘోరం. ముగ్గురు డాక్టర్లు ఒకరి మాట మీద ఒకరు పడి వాదించుకుంటుంటే, గాజు గదిలో, అదే మన బూత్‌లో, నేనొక్కదాన్నే నాతో నేను పోట్లాడుకోవాలి. వర్క్‌షాపుల్లో మాటలు తక్కువ, సాధన ఎక్కువ.

చివరి రోజు ప్రత్యక్ష ప్రదర్శన ఉంది. పేరున్న డాక్టరమ్మ ఒకావిడ, ఒప్పుకుని వచ్చిన ఒక మనిషిని వేదిక మీద కూర్చోబెట్టుకుని, నిజంగానే వైద్యం చేసి చూపిస్తుంది. నటన కాదు. ఆ మనిషిదీ నిజం బాధే. పుస్తకంలో ఆ పేజీ దగ్గర ఎర్ర పెన్సిల్ పెట్టాను.

నీ కుర్చీలో ఇప్పుడు కూర్చునే ఆయన ఎప్పుడూ గొంతు మాత్ర ఒకటి బుగ్గన పెట్టుకుని ఉంటాడు. చప్పరింపులాయన అని పేరు పెట్టాను. మంచివాడే. కానీ మొన్న సాధన చేస్తూ, "వక్త ఏమంటున్నారంటే" అని మొదలుపెట్టాడు! నువ్వుంటే మోచేత్తో పొడిచేదానివి. వక్త "నేను" అంటే దుబాసీ కూడా "నేను" అనే అనాలి, తనదంటూ ఒక్క మాట కలపకూడదు, ఒక్కటి మింగకూడదు అని నాకు మొదటి రోజే నేర్పింది నువ్వే కదా.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. మహాసభ వాళ్ళు ఇకనుంచి ప్రతి ఏడూ ఒకే జోడీని పెట్టుకుంటారట. ఇద్దరి పేర్లూ సభ ముగిసేలోగా ఇవ్వాలి. నీ పేరు రాయనా వదినా? నువ్వు మానేసి రెండేళ్ళయింది. చప్పరింపులాయన పక్కన కూర్చుంటే పని జరుగుతుంది కానీ, పని అయ్యాక నవ్వుకోవడానికి ఎవరూ ఉండరు. నాకు నీ తోడు కావాలి. ఇంతకంటే తిన్నగా అడగడం నాకు చేతకాదు.

నీ ఆడపడుచు,
వసపిట్ట


చిరంజీవి వసపిట్టకు ఆశీస్సులు.

నా పేరు రాయకు.

ఈ ముక్క ముందే రాస్తున్నాను, మిగతా ఉత్తరం ఆశగా చదవకుండా ఉంటావని. నాకిక్కడ పని బాగానే సాగుతోంది. బట్టలుతికే యంత్రం పుస్తకం తర్జుమా పూర్తయింది, ఇప్పుడు ఇస్త్రీపెట్టె. "వేడిగా ఉన్నప్పుడు తాకరాదు" అని రాస్తాను. అది ఎవరి గొంతూ కాదు. ఇస్త్రీపెట్టెకి బాధలు లేవు, నేను "నేను" అనాల్సిన అవసరమూ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో గోడగడియారం తప్ప ఏ చప్పుడూ ఉండదు. మొదట్లో భయమేసేది. ఇప్పుడు అలవాటైంది.

నేనెందుకు మానేశానో నీకు వేరే చెప్పాలా? ఆ రోజు ఆ వక్త తప్పేం లేదు. "నా భర్త పోయాక నేను" అని ఆవిడ మామూలుగానే మొదలుపెట్టింది. నేను "నా భర్త" దాకా అని ఆగిపోయాను. నువ్వు నా మైకు ఆపి, నీది నొక్కి, ఆవిడ చెప్పినదంతా చివరిదాకా తడబడకుండా చెప్పేశావు. హాల్లో ఒక్కరికీ తెలియలేదు. నేను మాత్రం కాళ్ళ దగ్గరి తీగలు చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి మాట మింగిన దుబాసీ మళ్ళీ మింగదని నమ్మకమేముంది?

నీ సంగతి వేరు. నువ్వు గట్టిదానివి. మీ అన్నయ్య పోయిన వారానికే వెళ్ళి బూత్‌లో కూర్చున్నావు. ఇంటికొచ్చినవాళ్ళందర్నీ నువ్వే చూసుకున్నావు. నన్ను కదలనివ్వలేదు. ఆ గుండె నాకు లేదు, అందరికీ ఉండదు.

ఆ ప్రత్యక్ష ప్రదర్శన మాత్రం చప్పరింపులాయనకి వదలకు. నువ్వే చెయ్యి. నిజం బాధ చెప్పేవాళ్ళు మధ్యలో ఆగుతారు. ఆగినప్పుడు నువ్వూ ఆగు. తొందరపడి ఏదో ఒకటి అనకు. ఆ ఖాళీ కూడా వాళ్ళదే.

చలిగా ఉంటే గొంతుకి గుడ్డ చుట్టుకో.

నీ వదిన


ప్రియమైన వదినకు,

హోటల్ గదిలో కూర్చుని రాస్తున్నాను. మూడో రోజు కూడా గడిచింది. గొంతు బొంగురుపోయింది. గుడ్డ చుట్టుకున్నానులే.

ఇవాళ మధ్యాహ్నం పోస్టర్ సెషన్. ఎప్పుడైనా చూశావా? పెద్ద హాల్లో వరసగా పలకలు నిలబెట్టి, వాటి మీద తమ పరిశోధనల్ని అంటిస్తారు. ఎవరి కాగితం పక్కన వాళ్ళు గంటసేపు నిలబడాలి. నచ్చినవాళ్ళు ఆగి అడుగుతారు, నచ్చనివాళ్ళు వాళ్ళ భుజం మీదుగా పక్క కాగితం చూస్తూ వెళ్ళిపోతారు. దుబాసీలకి అక్కడ పనిలేదు కాబట్టి ఊరికే తిరిగాను. ఒక మూల బట్టతల డాక్టరొకాయన ఉన్నాడు. ఆయన కాగితం ఒంటరితనం మీద. ఒంటరిగా ఉన్నవాళ్ళు, ఎదుటివాళ్ళకి తాము అక్కర్లేదని ముందే అనుకుని, అలా అనుకుని తామే పక్కకి జరిగిపోతారట. దాన్ని ఎలా సరిచెయ్యాలో బొమ్మలు గీసి పెట్టాడు. నేను అటు తిరిగి రెండోసారి వచ్చేసరికి కూడా ఆయన దగ్గర ఒక్కరూ లేరు. తన కాగితాన్ని తానే చదువుకుంటున్నాడు పాపం.

నవ్వొచ్చింది, వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది. వెళ్ళి ఒక ప్రశ్న అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది! బొమ్మ బొమ్మకీ వివరం చెప్పాడు. చివర, మీది ఏ ఆసుపత్రి అని అడిగాడు. దుబాసీనండీ అన్నాను. "అరె, పొద్దున్నుంచీ మీ గొంతు నా చెవిలోనే ఉంది, మనిషిని ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. నాలుగు వందలమంది చెవుల్లో ఉన్నాను వదినా. భోజనాల దగ్గర నా పక్క కుర్చీలోకి ఒక్కరు రాలేదు.

పొద్దుటి వర్క్‌షాప్ సంగతి చెప్తాను. నేర్పే ఆయన వేదిక మీద కాసేపు మాట్లాడి, "ఇప్పుడు ఇద్దరిద్దరుగా విడిపోండి, ఒకరు డాక్టరు, ఒకరు రోగి. మీ సొంత సమస్యే చెప్పండి. కానీ చిన్నది తీసుకోండి, పెద్దది పైకి తీస్తే ఇక్కడ సర్దలేం" అన్నాడు. అంతే, హాలంతా కుర్చీలు ఎదురెదురుగా జరుపుకున్నారు. అలా జంటలుగా గుసగుసలాడుకునేటప్పుడు మనకి పని ఉండదు. మైకు ఆపేసి గాజు గదిలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏమీ వినపడదు. ఎక్కడ చూసినా ఇద్దరు. ఒకరు చెప్తున్నారు, ఒకరు ముందుకి వంగి వింటున్నారు. నేను చప్పరింపులాయన వైపు తిరిగాను. ఆయన బుగ్గలో మాత్ర పెట్టుకునే కునుకు తీస్తున్నాడు. ఇంక నాకు నేనే, నా చిన్న సమస్య ఏమిటా అని వెతుక్కున్నాను.

ఏం దొరికిందో చెప్పనా? గదికి రాగానే అద్దం ముందు నిలబడి "నేను" అని పైకి అని చూస్తున్నాను. పగలంతా కోపిష్టి ప్రొఫెసరునీ, నత్తి డాక్టరునీ, అందరూ నేనే. సాయంత్రానికి ఆ మాట తర్వాత ఏం రావాలో నాకు తోచడం లేదు. ఇది చిన్నదో పెద్దదో ఆ నేర్పే ఆయన్ని అడగాల్సింది.

నువ్వు గట్టిదానివని రాశావు. ఆ ఉత్తరం ఇక్కడికి తెచ్చుకున్నాను. మెప్పుగానే రాశావని తెలుసు.

రేపే ప్రత్యక్ష ప్రదర్శన. పేర్లు ఇవ్వడానికి కూడా రేపే గడువు. నీ పేరు రాయనులే, భయపడకు.

నీ ఆడపడుచు,
వసపిట్ట


వదినా,

తప్పు చేశాను. చిన్న తప్పు కాదు.

నువ్వు చెప్పినట్టే ప్రదర్శన నేనే తీసుకున్నాను. వచ్చినావిడ నా వయసుదే. ఆవిడ ఏం చెప్పిందో నీకు కూడా చెప్పకూడదు. డాక్టరమ్మ చాలా నెమ్మదైన మనిషి. "ఆ ఆలోచన వచ్చినప్పుడు మీలో మీరు ఏమనుకున్నారు?" అని అడిగింది. ఆవిడ చెప్పడం మొదలుపెట్టి, వాక్యం సగంలో ఆగిపోయింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. నేనూ ఆగాలి. ఆగాననే అనుకున్నాను. కానీ హెడ్‌ఫోన్లలో ఒక గొంతు "నేను" అంటూ మాట్లాడుతూనే ఉంది. అది నాదే. చప్పరింపులాయన నా చెయ్యి పట్టుకుని మైకు ఆపేదాకా నాకు తెలియలేదు.

వేదిక మీద వాళ్ళిద్దరికీ వినపడలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకి మాత్రం అవన్నీ ఆవిడ మాటల్లాగే వినపడ్డాయి. రెండు భాషలూ తెలిసిన ఒకాయన హాల్లో ఉన్నాడు. ఆవిడ నోరు కదలకుండా ఇన్ని మాటలెక్కడివని ఫిర్యాదు చేశాడు. చేసి తీరాల్సిందే, నేనైనా చేసేదాన్ని. ఆ జోడీ పని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మన దుబాసీల సంఘం విచారణ తేల్చేదాకా నేను మైకు ముట్టకూడదట.

ఇంటికొచ్చి తలుపేసుకుని కూర్చున్నాను. ఆ గాజు గది ఇరుకనీ ఉక్క అనీ ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఇప్పుడు అది కూడా పోతే నేను నోరు తెరిచే చోటు ఇంకోటి లేదు. భయంగా ఉంది.

ఏమన్నావని మాత్రం అడగకు.

నీ
వసపిట్ట


చిరంజీవి వసపిట్టకు,

నీకు మతి పోయిందా? ఒక మనిషి అంతమంది ముందు తన కష్టం చెప్పుకోవడానికి ధైర్యం చేసి కూర్చుంటే, ఆ నోట నీ మాట పెడతావా? మౌనం వస్తే ఆగమని రాశాను. దానికి తోడు ఇన్నేళ్ళ అనుభవం. నేను మాట మింగినందుకే మొహం చెల్లక మానేశానే, నువ్వు చేసింది దానికంటే ఎన్ని రెట్లు!

కోపంలో రాస్తున్నాను. అయినా నిన్ను వదిలేస్తానా? సంఘంలో నా మాట వినేవాళ్ళు ఇంకా ఉన్నారు. సరిగ్గా ఏమన్నావో రాయి. అలసట వల్ల జరిగిందని, పాత ప్రసంగం ఏదో నోట్లోకి వచ్చిందని, ఏదో ఒకటి చెప్తాను. నువ్వు ఇలాంటి పొరపాట్లు చేసే మనిషివి కాదని నాకు తెలియదా?

వెంటనే రాయి.

నీ వదిన


ప్రియమైన వదినకు,

నువ్వు ఎవరికీ ఏమీ చెప్పొద్దు. అబద్ధం అసలే వద్దు.

డాక్టరమ్మ ద్వారా ఆవిడకి క్షమాపణ పంపించాను. జరిగిందంతా చెప్పమన్నాను. ఆవిడకి కోపం వచ్చింది, రావాలి కూడా. సంఘం ఏ శిక్ష వేసినా పడతాను. నేనన్న మాటలు నీకు రాస్తే నువ్వు బాధపడతావు. నీకున్నది చాలదా? కొన్నాళ్ళు ఉత్తరాలు కూడా ఆపేద్దాం. నాకిప్పుడు రాయడానికి ఏమీ లేదు, ఏది రాసినా అటే పోతోంది.

ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు.

నీ ఆడపడుచు


నా ప్రియమైన వసపిట్టకు,

ఉత్తరాలు వద్దన్నావు. నీ మాట నేనెప్పుడు విన్నాను కనక.

సంఘం నుంచి నాకొక రికార్డింగు వచ్చింది. ఇలాంటి ఫిర్యాదులొస్తే పాతకాపులిద్దరికి పంపి, తప్పెంతో చెప్పమనడం వాళ్ళ పద్ధతి కదా. ఎవరి గొంతో చెప్పకుండా పంపుతారు, పక్షపాతం ఉండకూడదని. నాకు చెప్పాలా? మొదటి మాటకి ముందు నువ్వు తీసిన ఊపిరి దగ్గరే పట్టేశాను. అప్పుడే ఆపేసి తిప్పి పంపాల్సింది. పంపలేదు. రెండేళ్ళ తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను, తీయబుద్ధి కాలేదు.

ఆవిడ మాటల జోలికి పోను. బాగా చెప్పావు, ఒక్క పొల్లు పోలేదు. తర్వాత ఆవిడ ఆగింది, నువ్వూ ఆగావు. చాలాసేపే ఆగావు. ఆపైన నువ్వన్నది రాస్తున్నాను, నువ్వు రాయనన్నావు కాబట్టి.

"మా అన్నయ్య పోయినప్పుడు అందరూ మా వదిన చుట్టూ కూర్చున్నారు. అది న్యాయమే. నేను వంటింట్లో గ్లాసులు కడిగాను. లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ, వదిన ఎలా ఉంది, ఏమైనా తిందా అని నన్ను అడిగేవాళ్ళు. నువ్వెలా ఉన్నావని ఎవరైనా అడుగుతారేమోనని, ఏం చెప్పాలో నేను లోపల అనుకుని పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. ఇంకా అలాగే ఉంది."

అక్కడ మైకు ఆగిపోయింది.

పిట్టా, ఆ ఎవరూ అన్నదాంట్లో మొదటిదాన్ని నేను. పక్కింటివాళ్ళు అడగకపోతే పోయారు, చుట్టాలు అడగకపోతే పోయారు. నీ పక్క కుర్చీలో అన్నేళ్ళు కూర్చున్న నేను అడగలేదు. ఆ రోజు బూత్‌లో ఆ వక్త మాటలకి నేను ఆగిపోతే, నువ్వు మైకు తీసుకుని పూర్తి చేశావే, అప్పుడు నీ గొంతులో ఏముందో నేను వినలేదు. నా దుఃఖం నాకు అంత చప్పుడు చేసింది. పైగా గట్టిదానివని మెచ్చుకుంటూ ఉత్తరం రాశాను. పెళ్ళయిన నాటి నుంచీ నీతో ఆయన గురించి ఎప్పుడు మాట్లాడినా "మీ అన్నయ్య" అనే అన్నాను. ఆయన నీకేమవుతారో నేను రోజూ నా నోటితోనే చెప్తూ వచ్చాను. ఇన్ని గొంతులు విని పొట్టపోసుకున్న మనిషిని, నా మాట నేను వినలేకపోయాను. నేను తెలియకముందు నుంచే ఆయనకి నువ్వు తెలుసు అనాలో, నాకంటే ముందు నుంచీ నీకు ఆయన తెలుసు అనాలో, ఏడుపులో వాక్యం కూడా సరిగ్గా రావడం లేదు. ఎలా ఉంటే అలా చదువుకో.

సంఘానికి ఇలా రాశాను. ఈ గొంతు నా ఆడపడుచుది కాబట్టి తీర్పు చెప్పడానికి నేను తగను, వేరేవాళ్ళని పెట్టుకోండి. నా అభిప్రాయం అడిగితే మాత్రం తప్పు తప్పే, శిక్ష వెయ్యండి. అలసటనీ అదనీ నేనేమీ సాకులు చెప్పలేదు. కొన్ని నెలలు మైకు ఇవ్వరు. ఇవ్వకపోతే ఆకలితో చావంలే, ఇస్త్రీపెట్టెల పుస్తకాలు ఇద్దరికి సరిపోయేన్ని ఉన్నాయి. నేను మళ్ళీ బూత్‌కి వస్తానని మాత్రం అనుకోకు. ఆ సంగతి నాకింకా తెలియదు.

రేపు పొద్దుటి బండికి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరుతుందో, వెనక చేరుతుందో. ముందు చేరితే ఇల్లు సర్దకు, వంట చెయ్యకు, నన్ను కూర్చోబెట్టి నువ్వు లేచి తిరగకు. నేను నిన్ను చూసిపోవడానికో, నచ్చజెప్పడానికో రావడం లేదు.

రెండేళ్ళు ఆలస్యమైంది. మీ అన్నయ్య పోయారు కదా, నిన్ను పరామర్శించడానికి వస్తున్నాను.

నీ వదిన